ఇంట్లోకి ఉంచుకున్న పసుపు

"అణువుకు ఊరుండదు భూమయ్యా" అని మా సార్ అన్న రోజు నాకు ఆయన మీద పట్టరాని కోపం వచ్చింది. ఆ మాటలో తప్పేమీ లేదు. తప్పు లేదు కాబట్టే అంత కోపం వచ్చింది. దుగ్గిరాల పసుపులోంచి తీసినా, ఆర్మూరు పసుపులోంచి తీసినా కుర్కుమిన్ కుర్కుమినే. తాను ఏ చేనిలో పండిందో దానికి గుర్తుండదు. ఈ సంగతి నేను పదిమందికి పాఠం చెప్పగలను. అయినా ఆ రోజు ఆయన గదిలో నిలబడి, మా ఊరి పసుపుతోనే పని జరిగింది, మళ్లీ ఆ పసుపే తెచ్చి చేసి చూపిస్తానని మొండికేశాను. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని నా సెలవు చీటీ మీద సంతకం పెట్టారు. జాలిపడి పెట్టిన సంతకమని చూస్తేనే తెలుస్తోంది.

అది అరవై ఆరో సంవత్సరం మొదట్లో. నేను హైదరాబాదులో ఒక పరిశోధనశాలలో పనిచేసేవాణ్ణి. పసుపుకు రంగు ఇచ్చే పదార్థమే కుర్కుమిన్. కాగితం మీద గీస్తే దాని అణువుకు రెండు చివర్లా రెండు వలయాలు, మధ్యలో ఒక గొలుసు ఉంటాయి. ఆ గొలుసులో అటొకటి, ఇటొకటి, రెండు జంట బంధాలు. హైడ్రోజన్ వాయువు పట్టిస్తే ఆ జంటలు విడిపోయి ఒంటి బంధాలవుతాయి. వాటితోపాటు రంగూ పోతుంది. రెండూ విడిపోతే చివరికి తెల్లటి పొడి మిగులుతుంది. మా సార్‌కు తెల్లపొడి అక్కర్లేదు. ఒకవైపు జంట విడిపోవాలి, రెండోవైపుది అలాగే ఉండాలి. అలా సగంలో ఆపగలిగితే, మిగిలిన ఆ ఒక్క చోట మనకు కావలసినవి తగిలిస్తూ కొత్త అణువులను మన ఇష్టప్రకారం కట్టుకోవచ్చని, వాటిలో ఏదో ఒకటి మందుగా పనికిరావచ్చని ఆయన ఆశ.

చెప్పడానికి సులువే. హైడ్రోజన్ తనంతట తాను వెళ్లి ఆ గొలుసును పట్టుకోదు. పల్లాడియం అనే లోహం మధ్యలో ఉండి పట్టించాలి. తాను ఖర్చు కాకుండా ఇంకొకరి చేత పనిచేయించే ఇలాంటిదాన్ని ఉత్ప్రేరకం అంటాం. బొగ్గుపొడికి పట్టించిన మా పల్లాడియం మహా పనిమంతురాలు. కాకపోతే ఎక్కడ ఆగాలో దానికి తెలియదు. ఒక జంటను విడదీశాక రెండోదాన్నీ విడదీసి, తెల్లపొడి చేతిలో పెట్టేదాకా ఊరుకోదు.

అలాంటిది ఒక్కసారి ఆగింది. దీపావళి వెళ్లిన కొత్తలో, పరిశోధనశాలకు రావలసిన పసుపు ఇంకా రాలేదు. కూర్చుని కూర్చుని విసుగొచ్చి, నా గదిలో వంటకు వాడుకునే డబ్బాలోంచి నాలుగు కొమ్ములు తెచ్చి దంచాను. స్పిరిట్‌లో నానబెట్టాను. వడపోత కాగితాలు దొరకని రోజులవి, అందుకని పంచె గుడ్డ మడతలు వేసి వడగట్టాను. పల్లాడియం వేసి, హైడ్రోజన్ నింపి, సీసాను కుదిపే యంత్రానికి బిగించాను. నారింజ రంగు కాస్తా నిమ్మపండు రంగుకు దిగింది. అక్కడ ఆగింది. ఎంతసేపు కుదిపినా అది ఇక గ్యాసు పీల్చలేదు. ఆ మధ్యాహ్నం ఆ సీసాను కిటికీ వెలుగుకు ఎత్తిపట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. నా జీవితంలో అంత అందమైన పసుపు నేను చూడలేదు. ఎవరికైనా చెబుదామని వెనక్కి తిరిగితే అందరూ భోజనానికి వెళ్లారు.

సార్ పొంగిపోయారు. ఉగాది తర్వాత ఢిల్లీలో జరిగే సభకు మా పత్రం వస్తుందని కబురు పంపేశారు. ఆ తర్వాత పరిశోధనశాల పసుపు వచ్చింది. దానితో చేస్తే తెల్లపొడి వచ్చింది. మళ్లీ చేస్తే మళ్లీ తెల్లపొడే. సీసా మార్చాను, గుడ్డ మార్చాను, పల్లాడియం కొత్త సీసా మూత తీశాను. నా వంట డబ్బా చూస్తే అడుగంటింది. మొదట్లో అందరూ సలహాలు ఇచ్చారు. తర్వాత సలహాలు మానేశారు. ఆ తర్వాత నేను కూర్చున్న బల్ల దగ్గరికి టిఫిన్ డబ్బాలు తెచ్చుకోవడం కూడా మానేశారు. ఒక్కసారి మాత్రమే జరిగిందాన్ని అదృష్టం అంటారు గాని శాస్త్రం అనరని సార్ మర్యాదగా చెప్పారు. మిగతావాళ్లు దాన్ని అబద్ధం అనుకుంటున్నారని నాకు వాళ్ల నడకలోనే తెలిసేది. ఉగాదిలోపు మళ్లీ చేసి చూపించకపోతే పత్రం వెనక్కి తీసుకుంటారు. నన్ను స్టోర్సులో సీసాలు అందించే పనికి మారుస్తారు. అదైనా భరిస్తాను. లేనిది ఉందన్నవాడిగా మిగిలిపోవడం మాత్రం నావల్ల కాదు.

ఆ వంట పసుపు మా అక్క పంపింది. మా అక్క నీలవ్వ. నా చిన్నప్పుడు గత్తర, అదే కలరా, వచ్చి అమ్మా బాపూ ఒకే వారంలో పోతే, అప్పుడే కాపురానికి పోయిన అక్క నన్ను చంకన వేసుకుని ఆర్మూరు తీసుకుపోయింది. బావ తుకారాం ఒక్క మాట అనలేదు. అసలే ఆయన ఏడాదికి పది మాటలు మాట్లాడే మనిషి. వాళ్లకు పిల్లలు లేరు. అక్క నన్ను తిట్టి, గంటెతో కొట్టి, తన కంచంలోదే తినిపించి పెంచింది. చేతులు కడుక్కోకుండా కుండలో చేయి పెడితే వీపు విమానం మోత మోగేది. నేను చదువుకు హైదరాబాదు వెళ్లాక ఏటా పసుపు కాలంలో కొమ్ముల మూట ఒకటి వచ్చేది. తెలిసినవాళ్ల చేత పంపేది. మన చేన్లది అని చెప్పించేది. ఆ పసుపు వేసి వండుకున్నప్పుడల్లా గదిలో నేనొక్కణ్ణే లేనట్టు ఉండేది.

ఒక్క కడుపునొప్పే నన్ను వేధించేది. బొడ్డు దగ్గర మెలిపెట్టినట్టు వచ్చి, రెండు మూడు రోజులు ఉండి పోయేది. దవాఖానాలో డాక్టరు హోటల్ తిండి మానమన్నాడు. నేను హోటల్లో తింటే కదా మానడానికి. ఈమధ్య కొంచెం తగ్గింది. ఎందుకు తగ్గిందో ఆలోచించే ఓపిక అప్పుడు నాకు లేదు.

*

బస్సు ఇందల్వాయి దగ్గర చాయకు ఆగి, సాయంత్రానికి ఆర్మూరు చేరింది. గుట్ట మీది నల్లరాళ్లు ఎండ పోయినా ఇంకా వేడి కక్కుతున్నాయి. ఊరంతా పసుపు ఉడికిన వాసన. కళ్లాల్లో కాగుల కింద ఎండు పసుపాకు మంటలు, ఆరబోసిన కొమ్ముల మీద గోనెపట్టాలు. నేను వాసన పీల్చుకుంటూ నడిచాను. చిన్నప్పుడు ఆ కొమ్ములు తిరగేసిన చేతులివి, ఇప్పుడు సీసాలు పట్టుకుని మెత్తబడ్డాయి.

ఇంటికి వెళ్లగానే ఎప్పుడూ జరిగేదే జరిగింది. అక్క పక్కింటికి పరుగెత్తి కుర్చీ తెప్పించింది. కాళ్లు కడుక్కోవడానికి ఇత్తడి చెంబు ఇచ్చింది. నాకు సన్నబియ్యం వండింది. వాళ్లు తినేది మొక్కజొన్న రవ్వతో వండే మక్క గట్క. నేను తిన్నాక గాని వాళ్లు తినరు. కింద కూర్చుంటానంటే "నీ పాంటు మాస్తది తమ్మీ" అంది. లోపలి అర్రలోకి, కుండలున్న చోటికి, నేను పోబోతే గడపలోనే ఎదురొచ్చి ఏం కావాలని అడిగింది. తిట్టు లేదు, విసురు లేదు. ఎవరో తాసిల్దారుతో మాట్లాడినట్టు మాట్లాడుతుంది. హైదరాబాదు వెళ్లినప్పటినుంచి ఇదే తంతు. పరిశోధనశాలలో ఒంటరితనం నాకు అలవాటే. ఆ ఇంట్లో కుర్చీ మీద ఒక్కణ్ణే కూర్చుని అన్నం తినడం మాత్రం ఎప్పటికీ అలవాటు కాలేదు.

వచ్చిన పని చెప్పాను. మన చేని పసుపులో ఏదో ఉంది, దానితో చేస్తేనే నా పని కుదిరింది, ఇప్పుడు అందరూ నన్ను అబద్ధాలకోరు అనుకుంటున్నారు, ఆ పసుపు మళ్లీ కావాలి అన్నాను. అక్క మొహం వెలిగింది. లోపలికి వెళ్లి, అప్పటికే కట్టి ఉంచిన మూట తెచ్చింది. విప్పితే కొమ్ములు తళతళ మెరిశాయి. ఏటా నాకు వచ్చేవి అవే. ఇక స్టోర్సు సీసాలు నన్నేం చేయలేవనుకున్నాను.

మర్నాడు పొద్దున బుద్ధి మళ్లీ పని మొదలుపెట్టింది. పసుపు దొరికితే సరిపోదు, అందులో ఏముందో తెలియాలి. చేని మట్టి కావాలి, ఉడకబెట్టిన నీళ్లు కావాలి, మెరుగు పట్టని కొమ్ములు కావాలి. కుప్ప చూపించమంటే అక్క తప్పించింది. సరుకు అమ్మకానికి గంజ్‌కు పోయిందంది. సరే, మట్టైనా తీసుకుందామని నేను తెచ్చిన రేకు డబ్బా మూత లాగుతుంటే అంచు జారి బొటనవేలు కోసుకుపోయింది. మంచి లోతుగానే తెగింది. రక్తం చూసి అక్క గాబరాపడి లోపలి అర్రలోకి ఉరికింది. గుప్పెట నిండా పసుపు తెచ్చి వేలికి అదిమింది.

వేలు చూసుకున్నాను. రంగు తేడాగా ఉంది. ఏటా నాకు వచ్చే పసుపు కళ్లకు కొట్టినట్టుండేది. ఇది మట్టిరంగు కలిసిన ముదురు పసుపు. అక్క చేతిలో ఇంకా పొడి మిగిలింది. ఆమె మొహంలో కూడా ఏదో తప్పు జరిగినట్టు కనిపించింది.

"ఇదెక్కడిది అక్కా?"

"ఇంట్లోకి ఉంచుకున్నది."

"మరి నాకు పంపేది?"

ఆమె గుడ్డపీలిక చింపి వేలికి కట్టింది. ముడి వేసి, మళ్లీ విప్పి, మళ్లీ వేసింది. బావ వాకిట్లో తాడు పేనుతూ తల ఎత్తకుండా, చెప్పరాదే అన్నాడు. ఏడాదికి పది మాటల్లో ఒకటి ఖర్చుపెట్టాడు.

అక్క అప్పుడు చెప్పింది. మన కొమ్ములు నల్లగా, ముడతలు పడి, వేర్లు అంటుకుని ఉంటాయి. ఇంట్లోకి అవే ఉంచుకుంటారు. ఇంటికి ఉంచుకునేదానికి ఆర్మూరులో ఎవరూ మెరుగు పట్టరు, పరాయివాళ్లకు పెట్టేదానికి పడతారు. ఆమె ఏటా చేన్లోవి గంపెడు తీసుకుని బజార్లో పసుపు కొని అమ్మే సేటు అడ్తికి పోయి, అక్కడి డ్రమ్ములో తిరిగిన మెరుగు కొమ్ములకు మార్చుకునేది. ఆ మెరుగు కొమ్ములే నాకు పంపేది.

"ఇంట్ల తినేది నీకెట్ల పంపుత తమ్మీ? గంత పెద్ద సార్ల నడుమ కూసుంటవు. గా నల్లటివి చూస్తె నిన్ను ఏమనుకుంటరు?"

నా పసుపును సార్లెవరూ చూడరని, నా గదికి ఎవరూ రారని, ఆ డబ్బా మూత తీసేవాణ్ణి నేనొక్కణ్ణేనని ఆమెకు తెలియదు. వేలు చివర దపదప కొట్టుకుంటోంది. నేను లేచి చెప్పులు వేసుకుని బజారుకు నడిచాను.

*

అడ్తి ముందు మగవాళ్లిద్దరు పెద్ద చెక్క డ్రమ్మును పిడి పట్టుకుని తిప్పుతున్నారు. లోపల కొమ్ములు గలగలమంటున్నాయి. పొట్టు రాలి కింద పోగుపడుతోంది. కొంచెంసేపు తిప్పి ఆపి, ఒకతను మూత తీసి, డబ్బాలోంచి చేటలోకి ఏదో పొడి పోసుకుని, నీళ్లు చల్లి, కొమ్ముల మీద జల్లాడు. మళ్లీ తిప్పారు. బయటకు వచ్చిన కొమ్ములు పెళ్లికి వెళ్తున్నట్టున్నాయి. నేను దగ్గరికి పోయి ఆ పొడిని వేళ్ల మధ్య నలిపాను. డబ్బా మీద రాసిందాన్ని చదవక్కర్లేదు. ఎడ్లబండ్లకు, తలుపులకు వేసే పసుపు రంగు తయారయ్యేది దానితోనే. సీసం, క్రోమియం కలిసిన రంగు. నీళ్లలో కరగదు, మెత్తటి దుమ్ములా ఉంటుంది. వడపోత కాగితంలో ఆగుతుందేమో గాని పంచె గుడ్డ మడతల్లోంచి హాయిగా దిగిపోతుంది.

అక్కడే, ఆ దుమ్ములో నిలబడి, నాకు అంతా అర్థమైంది. పల్లాడియానికి సీసం గిట్టదని పుస్తకాల్లో చదివిందే. సీసం ఎక్కువ తగిలితే అది పూర్తిగా చచ్చిపోతుంది, ఏ పనీ చేయదు. ఎంతో కొద్దిగా తగిలితే దాని జోరు తగ్గుతుంది. సులువుగా విడిపోయే మొదటి జంటను విడదీసి, రెండోదాని జోలికి పోలేక చేతులు ముడుచుకుంటుంది. నా సీసా నిమ్మరంగు దగ్గర ఆగింది మా చేని మట్టి వల్ల కాదు, ఈ దుమ్ము వల్ల. నేను అబద్ధం చెప్పలేదు. శుభ్రమైన పసుపు తీసుకుని, నాకు నేనుగా చిటికెడు సీసం కలిపితే అది ప్రతిసారీ ఆగుతుంది. గట్టిగా నవ్వాను. డ్రమ్ము తిప్పేవాళ్లు కూడా నన్ను చూసి నవ్వారు.

నవ్వు ఆగేలోపే కడుపు గుర్తొచ్చింది. మెలిపెట్టే ఆ నొప్పి. డబ్బా ఖాళీ అయ్యాక తగ్గిన నొప్పి. బజారు మూలన మంగలి చెట్టుకు తగిలించుకున్న అద్దం ముందుకు వెళ్లి పెదవి కిందికి లాగి చూసుకున్నాను. చిగుళ్ల అంచున, ఒంట్లో సీసం చేరినవాళ్లకు పడే సన్నటి నల్లగీత ఉంది. పన్ను నొస్తోందా అని మంగలి అడిగాడు. కాదని చెప్పి, మళ్లీ అడ్తికి పోయి సేటుతో ఆ రంగు తినకూడనిదని, మనుషుల ఒంట్లో నిలిచిపోతుందని చెప్పాను. మెరవని కొమ్ములను కొనేవాడెవడో ముందు తీసుకురమ్మని ఆయన నాకు మర్యాదగా జవాబిచ్చాడు. నేను చాలా పెద్దగానే అరిచాను. డ్రమ్ము చప్పుడులో ఎవరికీ వినపడలేదు.

ఇంటికి వెళ్లేసరికి అక్క గడపలో నిలబడి ఉంది. కొమ్ములు మార్చుకున్నందుకు నాకు కోపం వచ్చి వెళ్లాననుకుని భయపడుతోంది. ఆమె భయం తీర్చాలని గబగబా చెప్పేశాను. నా లెక్క తేలింది, సార్ నమ్ముతాడు, నీ మెరుగు కొమ్ముల వల్లే నా పని నిలబడింది, అందులో సీసం ఉంది, అదే కారణం అన్నాను. ఆమె పని మాట పట్టించుకోలేదు.

"సీసమంటె విషమే గద తమ్మీ. నువ్వు తిన్నవా గది?"

అబద్ధం చెప్పవచ్చు. ప్రయోగానికి తప్ప వాడలేదని ఒక్క మాట అంటే సరిపోయేది. అబద్ధాలకోరు కాదని నిరూపించుకోవడానికి అంత దూరం వచ్చినవాణ్ణి. ఆ ఒక్క అబద్ధం నాకు చేతకాలేదు. తిన్నానన్నాను. కడుపునొప్పి సంగతి, చిగుళ్ల మీది గీత సంగతి కూడా అడిగి అడిగి చెప్పించుకుంది.

అక్క గోడకు ఆనుకుని కింద కూలబడింది.

"మేమంత మంచిది తింటిమి. నీకొక్కనికే గది పంపిన."

అంతే అంది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. మానేస్తే ఒంట్లోంచి మెల్లగా పోతుందని, ఇప్పటికే తగ్గిందని, ఫికర్ చేయొద్దని ఎన్నో విధాల చెప్పాను. సీసం ఎలా పనిచేస్తుందో, అది లేకపోతే నా ప్రయోగం ఎలా దారి తప్పేదో కూడా చెప్పాను. రేడియోలో పరాయి భాష వార్తలు విన్నట్టు విన్నది. బయలుదేరేటప్పుడు, వంటకు ఇంటి పసుపే జర కట్టిమ్మని అడిగాను. ఆమె నా కట్టుకట్టిన వేలు చూసింది.

"వద్దు తమ్మీ. నా చేతిది ఇగ వద్దు. దుకాన్ల కొనుక్కో."

మెరుగు మూటను ఆమె ముట్టుకోలేదు. నేనే తీసుకుని సంచిలో పెట్టుకున్నాను. బస్సులో ఒళ్లో పెట్టుకుంటే రంగు నా పాంటుకు అంటింది.

*

హైదరాబాదులో ముందు ఆ మూటతో చేశాను. నిమ్మరంగు దగ్గర ఆగింది. తర్వాత పరిశోధనశాల శుభ్రమైన పసుపుతో, పల్లాడియానికి నేనే కొద్దిగా సీసం పట్టించి చేశాను. అదీ ఆగింది. సార్ ముందు చేశాను, సార్ తన చేత్తో చేశారు. ప్రతిసారీ ఆగింది. ఆయన సీసాను వెలుగుకు పట్టుకుని, అణువుకు ఊరుండదన్న మాట నిజమే గాని ఊరి దుమ్ము దాని వెంట వస్తుందని అనుకోలేదన్నారు. నా భుజం మీద చేయి వేశారు. ఢిల్లీలో పత్రం చదివారు. అందులో పల్లాడియం ఉంది, సీసం ఉంది, ఎంత కలపాలో ఉంది. డ్రమ్ము లేదు, అక్క లేదు. ఉండవు కూడా. శాస్త్రానికి వాటితో పనిలేదు.

టిఫిన్ డబ్బాలు మళ్లీ నా బల్ల దగ్గరికి వచ్చాయి. నవ్వుతూ మాట్లాడారు. నేనూ నవ్వాను. సాయంత్రం గదికి వెళ్లి ఈ సంగతులన్నీ చెప్పడానికి ఎవరూ లేక దీపం వెలిగించి పప్పు వండుకునేవాణ్ణి. దుకాణం పసుపు ఏది తెచ్చినా పరీక్ష చేసేవాణ్ణి. ఒకటి బాగుందని తేలినా వాడబుద్ధి కాలేదు. పసుపు లేకుండా వండిన పప్పు తెల్లగా, జబ్బు మనిషి మొహంలా ఉండేది. కడుపునొప్పి పూర్తిగా పోయింది. దీనికంటే అది ఉన్నా బాగుండేదనిపించిన రోజులున్నాయి.

మరుసటి పసుపు కాలంలో మూట రాలేదు. కార్డు రాస్తే, ఎవరి చేతనో రాయించిన జవాబు వచ్చింది. మక్కలు బాగా పండాయట, బావకు మోకాలు నొప్పి తగ్గిందట. పసుపు ఊసు లేదు. ఆ పై ఏడూ అంతే. నేను ఆ ఏడు మాఘమాసంలో సెలవు పెట్టి బయలుదేరాను. ఈసారి సార్ ఎందుకని అడగలేదు, అడిగినా చెప్పడానికి నా దగ్గర శాస్త్రమేమీ లేదు.

ఇంటికి వెళ్లగానే కుర్చీ వచ్చింది. ఇత్తడి చెంబు వచ్చింది. అక్క చిక్కిపోయింది. నా మొహం వైపు, ముఖ్యంగా నా నోటి వైపు, దొంగచూపులు చూస్తోంది. మంగలి అద్దంలో చూసిన గీత సంగతి ఆమెకు చెప్పి ఉండకూడదు. మధ్యాహ్నం కుర్చీ ముందు పీట వేసి నాకు అన్నం పెట్టింది. సన్నబియ్యం అన్నం, పప్పు, చారు. పప్పు తెల్లగా ఉంది. చారు తెల్లగా ఉంది.

పొయ్యి వైపు చూశాను. వాళ్ల గిన్నెలో పప్పు పచ్చగా ఉంది. నాకు విడిగా వండింది. తాము తినేదాంట్లో పసుపు వేసుకుని, నాకు మాత్రం వేయలేదు. నా హైదరాబాదు గదిలో నేను వండుకునే పప్పే ఇక్కడ నా కంచంలోకి వచ్చింది. ఇంత దూరం వచ్చింది ఈ తెల్లపప్పు తినడానికేనా అనిపించి కళ్లలో నీళ్లు తిరిగాయి. చాలా కోపం కూడా వచ్చింది.

కుర్చీలోంచి లేచాను. అక్క ఏం కావాలంటూ గడపలో ఎదురొచ్చింది. ఆమెను దాటుకుని లోపలి అర్రలోకి పోయాను. చిన్నప్పటినుంచి ఇంటి పసుపు కుండ ఎక్కడుంటుందో నాకు తెలుసు, ఇప్పుడూ అక్కడే ఉంది. మూత తీసి, నల్లటి, ముడతలు పడిన కొమ్ములను రెండు చేతులతో తీసి నా తుండుగుడ్డలో పోసుకున్నాను. వేర్లు, మట్టి అన్నీ వచ్చాయి. గుడ్డ నిండేదాకా తీశాను. వెనకాల అక్క ఊపిరి వినిపిస్తోంది. మూటకట్టి గోడవారన పెట్టి, పొయ్యి దగ్గర కింద కూర్చున్నాను. నా కంచం పక్కకు జరిపి, బావ కంచం లాక్కుని, గట్క పెట్టుకుని, పచ్చటి పప్పు గిన్నెలోకి చేయి చాచాను.

"చేతులు కడుక్కున్నవారా? మట్టి చేతులు గిన్నెల పెడ్తవా, జరన్న బుద్ధుందా నీకు?"

అక్క గొంతు వాకిట్లోకి వినిపించేంత గట్టిగా ఉంది. బావ తాడు పేనడం ఆపి తల ఎత్తాడు. ఆమె చేతిలో గంటె ఉంది.

కడుక్కోలేదు. లేచి వెళ్లి కడుక్కుని వచ్చాను.